మీ వైపు నీళ్ళు ఆగిన రోజు

నయాగరా ఫాల్స్, ఒంటారియో
1969 జూన్ 15, ఆదివారం

తమ్ముడు తూరికి,

అక్క దీవెనలు. నీ మోకాలు ఎలా ఉంది? గనిలోకి దిగేటప్పుడు పట్టీ కట్టుకోమన్నాను. కట్టుకోవని తెలుసు. అయినా అడగడం నా వంతు.

నది అవతల, పక్క దేశం వైపు జలపాతం ఆగిపోయింది. మీ సడ్‌బరీ పేపర్లోనూ వచ్చే ఉంటుంది. మొన్న గురువారానికల్లా ఎగువన, ఒడ్డు నుంచి మేకల లంక దాకా రాళ్ళూ మట్టీ పోసి కట్ట వేసేశారు. ఆ పాయలో నీళ్ళన్నీ మన గుర్రపునాడా జలపాతం వైపు మళ్ళాయి. కొండచరియలు విరిగి జలపాతం కింద గుట్టలు పడ్డాయి కదా, వాటిని తీయొచ్చో లేదో వాళ్ళ సైన్యం ఇంజనీర్లు చూస్తారట. చలికాలం ముదిరేలోగా నీళ్ళు మళ్ళీ వదులుతారట.

పొద్దున ఆరింటి పూజకు వెళ్తూ చూశాను. మనం పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఆ తెల్లని గోడ లేదు. వెనకాల ఉన్న రాయి కనిపిస్తోంది. నల్లగా, పళ్ళూడిన నోరులా ఉంది. జలపాతం వాళ్ళదే గానీ దాని ముఖం చూడాలంటే మన ఒడ్డుకే రావాలి. వాళ్ళకు దాని నెత్తి కనిపిస్తుంది, అంతే. ఇన్నేళ్ళూ ఆ ముఖం రోజూ చూశాను. మూడు మైళ్ళ దూరంలో ఉన్న మన చెల్లి సరీనా ముఖం మాత్రం చూడలేదు.

మోటెల్లో పని తగ్గలేదు. పెళ్ళయి నాలుగు రోజులైన వాళ్ళకు జలపాతం ఒకటున్నా రెండున్నా ఒకటే. ఒక కొత్త పెళ్ళికొడుకు మాత్రం మావిస్‌ను ఆపి, “రెండోది ఏమైందండీ?” అని అడిగాడు. “దుప్పట్లతో పాటు ఉతుక్కి వేశాం. సాయంత్రానికి ఆరుతుంది,” అంది. నాతో కలిసి గదులు సర్దే మావిస్ సంగతి నీకు తెలుసుగా. ఆ మనిషి దేన్నీ వదలదు.

శుక్రవారం రొట్టెల బండి చీరో వచ్చాడు. ఇరవయ్యేళ్ళుగా అవతలి నుంచి మన ఇటలీ వాళ్ళ ఇళ్ళకు నువ్వుల రొట్టె తెచ్చేదీ అతనే, అటు సంగతులు ఇటూ ఇటు సంగతులు అటూ మోసేదీ అతనే. బండి దిగకుండానే అరిచాడు.

“నుంజియక్కా! చెప్పులు తొడుక్కో. నీళ్ళాగిపోయాయి.”

“అయితే?”

“అయితేనా? ఊరంతా నీ కాళ్ళ వంకే చూస్తోంది.”

రొట్టె తీసుకుని తలుపు వేసుకున్నాను.

నీకు గుర్తుండే ఉంటుంది, నా పక్కనే నిలబడ్డావు. పద్దెనిమిదేళ్ళ కిందట, నాన్న శవపేటిక ఇంకా ముందు గదిలో ఉండగా సరీనా వచ్చింది. నాన్న మూడు రోజులు తన పేరే పలవరించి పోయాక వచ్చింది. “అక్కా, ఒక్కసారి మా ఇంటికి రా. కూర్చుని అంతా చెప్తాను,” అంది. నేను నాన్న గుండె మీది సిలువ మీద చెయ్యి పెట్టి అందరూ వినేలా అన్నాను: “మీ వైపు నీళ్ళు ఆగిన రోజు నీ గడప తొక్కుతాను. అప్పటిదాకా తొక్కను.”

ఈ ఊళ్ళో ఎప్పటికీ రాను అని చెప్పే తీరు అది. అప్పు తీర్చనివాడూ అలాగే అంటాడు, పెళ్ళి చేసుకోనివాడూ అలాగే అంటాడు. వాళ్ళెవరూ సిలువ మీద చెయ్యి పెట్టరు. నేను పెట్టాను.

నిన్న ఫాదర్ డిల్లన్ దగ్గరికి వెళ్ళి అడిగాను. “ఫాదర్, పూర్తిగా ఆగలేదు. రాళ్ళ సందుల్లోంచి అక్కడక్కడా కారుతోంది. ఆగినట్టా, కానట్టా?”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “అమ్మా, నోవహు ఓడ దిగేనాటికి నేల కాస్త తడిగానే ఉండుంటుంది. దిగాడా లేదా?”

“నేల ఆరిందనే రాసుంది ఫాదర్.”

ఆయన నుదురు కొట్టుకున్నారు. “ఆగినట్టే. వెళ్ళు.”

వెళ్తాను. ఎప్పుడన్నది ఇంకా చెప్పలేను. రాను అన్న మాట ఒక్కటే కాదు, వస్తాను అన్న మాట కూడా ఆ ఒట్టులోనే ఉంది కదా. కట్ట తీసేలోగా వెళ్ళాలి.

రోజూ నీ పేరున ఒక జపం చెప్పుకునే,
నీ అక్క
నుంజియా


1969 జూలై 22

తూరీ,

నీ ఉత్తరం అందింది. మోకాలి గురించి ఒక్క ముక్కా రాయలేదు. సరీనా గురించి మాత్రం నాలుగు వరుసలు రాశావు. “ఒట్టు తీసి గట్టున పెట్టు అక్కా. తంతి ఇచ్చినా రాని కూతురి గడప నువ్వెందుకు తొక్కాలి? నేనైతే తొక్కను,” అన్నావు.

మావిస్ మాట వేరేలా ఉంది. మొన్న వాళ్ళింట్లో టీవీ ముందు కూర్చున్నాం. ఆ మనిషి నిచ్చెన దిగి చంద్రుడి మీద కాలు పెట్టాడు. మావిస్ నా వైపు తిరిగి, “చూశావా? అతను అంత దూరం పోయాడు. నువ్వు వంతెన దాటలేవు,” అంది. నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

నీ ఉత్తరంలో తంతి మాట చదివాక ఇది రాయక తప్పదు. కూర్చుని చదువు.

సరీనాకు నేను తంతి ఇవ్వలేదు.

ఆ సోమవారం డాక్టరు వచ్చి, ఇక వారం కూడా కష్టమన్నాడు. తంతి ఆఫీసుకు వెళ్ళి రెండు కాగితాలు రాశాను. ఒకటి నీకు, ఒకటి సరీనాకు. రెండింటిలోనూ ఒకటే మాట: నాన్న ఉండడు, వెంటనే రా. నీది కిటికీలో ఇచ్చాను. తన కాగితం నా చేతిలోనే ఉండిపోయింది. కిటికీ వెనక అమ్మాయి “అది కూడా ఇవ్వండి,” అంది. “ఇది తర్వాత,” అన్నాను. ప్రార్థన పుస్తకంలో మడిచి పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఈనాటికీ అందులోనే ఉంది.

ఎందుకని అడుగుతావు. నేనూ అడుగుతూనే ఉన్నాను. అమ్మ పోయేనాటికి సరీనాకు ఐదేళ్ళు, నాకు పదిహేను. దానికి జడ వేసింది నేను, మొదటిసారి పూజకు తెల్లగౌను కుట్టింది నేను. ఆ పిల్ల అవతలికి ఫ్యాక్టరీ పనికి పోయి, గాస్పరేను పెళ్ళాడి అక్కడే ఉండిపోయిన రోజున నాకు కోపం రాలేదు. నిజంగా రాలేదు. తర్వాత నాన్న సొరంగాలు తవ్విన దుమ్ముతో ఊపిరాడక మంచం పట్టాడు. మూడేళ్ళు ఎత్తాను, దించాను, ఒళ్ళు తుడిచాను. పక్కకు తిప్పినప్పుడల్లా కళ్ళు మూసుకునే అనేవాడు: “సరీనా, మెల్లగా.” ఒక్కనాడైనా నుంజియా అనలేదు. నేను దిద్దలేదు. “సరే నాన్నా” అనేదాన్ని. ఆ తంతి కిటికీ దగ్గర నా కళ్ళకు కట్టింది ఒక్కటే. సరీనా వస్తుంది, తలుపు దగ్గర నిలబడుతుంది, ఆయన కళ్ళు తెరుస్తాడు. మూడేళ్ళలో నా కోసం తెరవని కళ్ళు. ఒక్క రోజు ఆగుదామనుకున్నాను. మంగళవారం ఆగాను. బుధవారం ఆగాను. గురువారం పొద్దున ఆయన ఆగలేదు.

నువ్వు మంగళవారమే రైలు దిగి, “సరీనాకు చెప్పావా?” అని అడిగావు. తల ఊపాను. అబద్ధం నోటితో ఆడలేదని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. నాన్న పోయాక కబురు నువ్వే పంపావు. అది అందుకుని పరుగెత్తుకొచ్చింది. అప్పుడు నువ్వు దాన్ని ఎన్ని మాటలన్నావో నీకు గుర్తుంది. “కబురు తెలిసీ రాలేదు, నువ్వేం మనిషివి!” అన్నావు. నేను పక్కనే నిలబడి విన్నాను.

నాకు అర్థం కానిది ఒకటుంది. “నాకే కబురూ రాలేదు” అని సరీనా అక్కడికక్కడ అనొచ్చు. ఆ ఒక్క మాటతో నేను అందరి ముందూ పట్టుబడేదాన్ని. అనలేదు. తల వంచుకుంది. మా ఇంటికి రా, చెప్తాను అంది, అంతే. ఏం చెప్పాలనుకుందో, ఎందుకు నోరు మెదపలేదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను కోపంతో ఒట్టు పెట్టాననుకున్నారు అందరూ. కోపం కాదురా, భయం. ఎదురెదురుగా కూర్చుంటే ముందుగా తంతి మాటే వస్తుంది. అందుకే అడ్డంగా ఒక జలపాతాన్ని పెట్టుకున్నాను.

చర్చిలో ఫాదర్ ముందు పాప సంకీర్తనంలో చెప్పాను. చాలాసార్లు. ప్రతిసారీ క్షమాపణ దొరికింది, ప్రాయశ్చిత్తంగా ఒక జపమాల దొరికింది. దేవుడికి చెప్పడం తేలిక. ఆయనకు ముందే తెలుసు. తెలియని మనిషికి చెప్పడమే మిగిలింది.

నాతో మాట్లాడటం మానేస్తావేమో. మానెయ్. కానీ సరీనాను ఇంకో మాట అనకు. నీళ్ళు వదిలేలోగా నేను వెళ్ళి చెప్తాను. ఇది నిశ్చయం.

నీ అక్కనని రాయడానికి ఇవాళ చెయ్యి ఆడటం లేదు.
నుంజియా


1969 సెప్టెంబరు 21, ఆదివారం

ప్రియమైన తూరీ,

ఏడు వారాలు పోస్టు పెట్టె తెరిచి మూశాను. ఎనిమిదో వారం నీ కార్డు వచ్చింది. ఒకే ఒక్క మాట: “వెళ్ళు.” కింద సంతకం కూడా లేదు. దాన్ని ఆ తంతి కాగితం పక్కనే పెట్టుకున్నాను.

నిన్న వెళ్ళాను.

నల్లకోటు వేసుకుని, చేతిలో ప్రార్థన పుస్తకం పెట్టుకుని నడిచి వంతెన దాటాను. నడిమధ్యలో రెండు దేశాల పేర్లూ చెక్కిన పలక ఉందిగా, అక్కడ ఒక్క క్షణం ఆగాను. ఎడమ కాలు అటు, కుడి కాలు ఇటు. అక్కడి నుంచి చూస్తే ఒక పక్క మన గుర్రపునాడా ఇదివరకటికన్నా పెద్ద గొంతుతో అరుస్తోంది. ఇంకో పక్క ఆ నల్లరాయి నోరు మూసుకుని ఉంది.

అవతలి చివర సరిహద్దు గుమ్మంలో ఆఫీసరు అడిగాడు. “ఎందుకొస్తున్నారమ్మా?”

“నీళ్ళు ఆగాయి కదా బాబూ. అందుకు.”

“అందరూ అందుకే వస్తున్నారు. నలభై ఏళ్ళు నీళ్ళు చూడమంటే ఎవరూ రాలేదు, ఇప్పుడు రాళ్ళు చూడ్డానికి తోసుకుంటున్నారు,” అని నవ్వి వదిలేశాడు.

తిన్నగా సరీనా ఇంటికి వెళ్ళలేదు. ముందు ఆ ఎండిన ఏటి దగ్గరికి వెళ్ళాను. అంచు దాకా నడిచేందుకు కమ్మీలు కట్టి దారి వేశారు. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు, గొడుగులు పట్టుకున్న ముసలమ్మలు, జాతరలా ఉంది. రాళ్ళ నెర్రెల్లో నాణేలు పచ్చబడి పడి ఉన్నాయి. ఎవరెవరి మొక్కులో. తీరినవేవో, తీరనివేవో తెలియదు. ఒక పనివాడు గొట్టంతో అంచున ఉన్న రాతిని తడుపుతున్నాడు. ఎండబెట్టడానికి ఇంత కష్టపడి మళ్ళీ తడపడం ఏమిటని అడిగాను. “లోపలి పొర మెత్తని రాయండి. ఇన్నేళ్ళు నీళ్ళకు అలవాటుపడింది. ఒక్కసారిగా ఆరిందంటే పగిలిపోతుంది,” అన్నాడు.

సరీనా వీధి తెలుసుకోవడం కష్టం కాలేదు. చీరో నాకు చెప్పని విశేషం ఏముంది? ఆకుపచ్చ తలుపు, పక్కన అత్తి చెట్టు. అది మన పెరటి అత్తి చెట్టు కొమ్మే. నాన్న కత్తిరించి తడిగుడ్డ చుట్టి ఇచ్చింది. ఇప్పుడు తలుపు కన్నా ఎత్తు పెరిగింది. గుమ్మం పైన మేకుకు రొట్టెతో చేసిన సిలువ వేలాడుతోంది. మార్చిలో యోసేపు గారి పండక్కి విందు బల్ల వేసినప్పటిది. అమ్మ వేసిన బల్ల నీకు గుర్తుందా? మాంసం లేకుండా అన్ని వంటలూ, వడ్రంగి రంపపు పొట్టుకు గుర్తుగా పాస్తా మీద వేయించిన రొట్టె పొడి. ముగ్గురు పేదవాళ్ళు ఏసు, మరియ, యోసేపులై వచ్చి తలుపు తట్టడం, రెండుసార్లు “ఇక్కడ చోటు లేదు, వేరే చోటికి పొండి” అనిపించుకోవడం, మూడోసారి తలుపు తెరుచుకోవడం. నువ్వు ఎప్పుడూ రెండోసారికే ఏడ్చేవాడివి, నిజంగానే పంపేస్తారని. నాన్న పోయాక నేను బల్ల వేయడం మానేశాను. మొక్కు తీరినవాళ్ళు వేసేది కదా అది. సరీనా ఏటా వేస్తోంది.

మెట్లెక్కాను. చెయ్యి ఎత్తాను. లోపలి నుంచి వినిపించింది.

“గాస్పరే! టమాటాలు ఎండలో పెట్టమంటే నీడలో పెట్టావు. కళ్ళు చర్చిలో మరిచిపోయి వచ్చావా?”

“ఎండ జరిగిపోయింది సరీనా, నేను జరగలేదు.”

“జరగవులే. పాతికేళ్ళుగా చూస్తున్నాగా!”

అమ్మ గొంతు, తూరీ. అచ్చం అమ్మ గొంతు. మన ఇంట్లో ముప్పై తొమ్మిదేళ్ళుగా లేని గొంతు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత దించాను. వెనక్కి నడిచి వంతెన దాటి ఇంటికొచ్చాను.

సంగతి ఇదీ. ఈసారి ఫాదర్ డిల్లన్‌కు చెప్పలేదు. చెబితే మళ్ళీ ఒక జపమాల ఇచ్చి ఇంటికి పంపిస్తారు. ఈ తప్పు అంత తేలిగ్గా తీరిపోకూడదు. చెయ్యి ఎత్తగలిగాను కాబట్టి తట్టగలను కూడా. నవంబరు ఆఖరులో నీళ్ళు వదులుతారంటున్నారు. అంతకుముందే.

పట్టీ కట్టుకో.

సిగ్గుపడుతూ,
నీ అక్క
నుంజియా


1969 నవంబరు 26, బుధవారం

చిన్నప్పటి నుంచీ నా కొంగు వదలని తూరీకి,

ఈ ఉత్తరం పొడుగు. టీ కాచుకుని కూర్చో.

సోమవారం పొద్దున చీరో వచ్చాడు. ఎప్పుడూ అరిచేవాడు ఈసారి అరవలేదు. దిగి వచ్చి మెల్లగా చెప్పాడు. “రేపు వదిలేస్తున్నారక్కా. ఇవాళ కాకపోతే ఈ జన్మకి లేదు.”

“బండిలో చోటుందా?”

అతను రొట్టెల పళ్ళాలు వెనక్కి నెట్టాడు. మోటెలుకు ఫోను చేస్తే మావిస్ తీసింది. “పో, పో! నీ గదులు నేను చూసుకుంటా. జెండా పాతి రా,” అంది.

ఆకుపచ్చ తలుపు ముందు గాస్పరే అత్తి చెట్టుకు చలి తగలకుండా గోనెపట్టాలూ పాత దుప్పట్లూ చుడుతున్నాడు. నన్ను చూశాడు. తాడు చేతిలోంచి జారింది. నేను పెదవుల మీద వేలు పెట్టాను. తలుపు తట్టాను.

“ఎవరూ?”

పేరు చెప్పాలి. నుంజియా అని చెప్పాలి. దానికి బదులు చిన్నప్పుడు వేలసార్లు విన్న మాటలే వాటంతట అవి వచ్చాయి.

“ఏసు, మరియ, యోసేపు.”

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. తర్వాత తలుపుకు బాగా దగ్గరగా వినిపించింది.

“ఏం కావాలి?”

“తినడానికింత. తల దాచుకోవడానికింత చోటు.”

“ఇక్కడ చోటు లేదు. వేరే చోటికి పొండి.”

బండిలోంచి చీరో, “వచ్చెయ్ అక్కా, చలికి చస్తావు. పొమ్మంటోందిగా,” అన్నాడు.

“నోరు ముయ్ చీరో. ఇంకా ఒకటే అయింది.”

మళ్ళీ తట్టాను. ఎవరని అడిగింది. చెప్పాను. “చోటు లేదన్నానా?” అంది. “పద్దెనిమిదేళ్ళు ఎక్కడికి పోయారు ముగ్గురూ?” ఆ మాట అమ్మ నేర్పిన మాటల్లో లేదు. గాస్పరే అత్తి చెట్టును పట్టుకుని ఏడుస్తున్నాడు. నేను మూడోసారి తట్టాను.

తలుపు తెరుచుకుంది.

జుట్టు నెరిసింది. లావెక్కింది. చేతులకు పిండి. ముందుగా అదే అంది: “గడప తొక్కుతావా, అక్కడే నిలబడి నన్ను కూడా చలికి చంపుతావా?”

తొక్కాను.

కూర్చోమంది. కూర్చోలేదు. కూర్చుంటే ధైర్యం పోతుందని తెలుసు. ప్రార్థన పుస్తకం తెరిచి ఆ తంతి కాగితం తీసి బల్ల మీద పిండిలో పెట్టాను. “ఇది నీది. పద్దెనిమిదేళ్ళ కిందట నీకు పంపాల్సింది. పంపలేదు. మరిచిపోయి కాదు. పంపబుద్ధి కాక. నాన్న నీకోసం కళ్ళు తెరుస్తాడని ఓర్వలేక.” అంతే చెప్పాను. దారంతా అనుకున్నది ఇంకా చాలా ఉంది. అది రాలేదు.

సరీనా కాగితం చదివింది. తిప్పి వెనక చూసింది. మళ్ళీ చదివింది. కుర్చీ లాక్కుని కూలబడింది.

“నాకు తెలుసక్కా,” అంది.

“ఏం తెలుసు?”

“నాన్న పోతాడని. మంగళవారమే తెలుసు. చీరో చెప్పాడు. డాక్టరు వచ్చి వెళ్ళాడు, వారం కూడా కష్టమట అని రొట్టె ఇస్తూ చెప్పాడు.”

నా చెవులు నేనే నమ్మలేదు. అది తల ఎత్తకుండా చెప్పుకుపోయింది. “అప్పటికి ఈ దేశంలో ఉండటానికి నా కాగితాలు రాలేదు. అర్జీ నడుస్తోంది. ఈలోగా దేశం దాటితే మళ్ళీ రానివ్వరని ఎవరో చెప్పారు. ఇంట్లో ఆరు నెలల పిల్ల. అయినా కోటు వేసుకుని బయలుదేరాను. వంతెన మీద సగం దాకా వచ్చాను. ఆ పలక ఉంటుందే, అక్కడి దాకా. అవతల మన వీధి చివర చర్చి గోపురం కనిపిస్తోంది. ఒక గంట నిలబడ్డాను. తిరిగొచ్చేశాను. బుధవారం మళ్ళీ వెళ్ళాను. పలక దాకానే. గురువారం అన్నయ్య తంతి వచ్చింది. ఇక ఏమైతే అదయిందని పరుగెత్తాను. తిరిగి వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆఫీసరు, ‘ఎక్కడికమ్మా?’ అన్నాడు. ‘ఇంటికి’ అన్నాను. పోనిచ్చాడు. కాగితమే అడగలేదు. అంత తేలికక్కా. మంగళవారం కూడా అంతే తేలికగా ఉండేది.”

పొయ్యి మీద ఏదో మాడుతోంది. ఎవరమూ లేవలేదు.

“తంతి రాలేదని ఎందుకనలేదు ఆ రోజు?”

“ఏ మొహంతో అనను? తంతి రాకపోయినా తెలుసుగా నాకు. తెలిసీ రాలేదని అన్నయ్య అన్నది నిజమేగా. నువ్వు సిలువ మీద చెయ్యి పెట్టినప్పుడు, నీకంతా తెలిసిపోయిందనే అనుకున్నాను. సరైన శిక్షే అనుకున్నాను.”

చూశావా తూరీ. ఇన్నేళ్ళూ నేను దాని నోటికి భయపడ్డాను, అది నా నోటికి భయపడింది. మధ్యలో ఆ చీరో ఉన్నాడు! అటూ ఇటూ ఉప్పూ పప్పూ అన్నీ మోసినవాడు ఆ ఒక్క మాటా మోయలేదు. సరీనా ఒట్టు పెట్టించుకుందట, చెప్పనని. పిలిచి ఇద్దరం కలిసి తిట్టాం. అతను టోపీ తీసి చేతిలో పట్టుకుని, “మీ కుటుంబంలో ఒట్లు వేయడం మానేస్తే నా వ్యాపారం బాగుపడుతుంది,” అన్నాడు.

ఇంకో సంగతి చెప్పాలి. నాన్న నన్ను “సరీనా, మెల్లగా” అనేవాడని కూడా చెప్పేశాను. దాచడానికి ఇంకేం మిగిలింది? అది కళ్ళు తుడుచుకుంటూ తుడుచుకుంటూ నవ్వడం మొదలుపెట్టింది. “నేను ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నన్నేమని పిలిచేవాడనుకున్నావు? నువ్వు మోటెలుకు పోగానే ‘నుంజియా, కాఫీ. నుంజియా, చెప్పులెక్కడ?’ నోరు నొప్పి పుట్టేలా నుంజియానే. ఎదురుగా ఉన్న మనిషి పేరు ఆయన ఎన్నడూ పలకలేదక్కా.”

“నాకు చెప్పలేదేం?”

“నువ్వడగలేదు.”

నేను అప్పుడు కూర్చున్నాను.

తర్వాత పోట్లాడుకున్నాం కూడా. పద్దెనిమిదేళ్ళు ఎవరివల్ల పోయాయన్నదాని మీద. నా వల్లనని నేను, తన వల్లనని అది. గాస్పరే మధ్యలోకి వచ్చి, “సగం సగం పంచుకోండి, నాకు ఆకలవుతోంది,” అన్నాక ఆపాం. మాడిన సాస్‌తోనే పాస్తా తిన్నాం. ఆ రాత్రి అక్కడే ఉన్నాను.

నిన్న పొద్దున నీళ్ళు వదిలారు. చలిలో ఒడ్డున జనం కిక్కిరిసిపోయారు. నేనేమో ఒక్కసారిగా ఉరుముతూ వచ్చిపడుతుందనుకున్నాను. అలా రాలేదు. ముందు రాళ్ళు తడిశాయి. తర్వాత సన్నని పాయలు, ఒకదాన్నొకటి వెతుక్కుంటూ. నెర్రెల్లో నాణేలు మునిగాయి. ఎప్పుడో తెలియకుండా చప్పుడు మొదలైంది. మేమున్న చోటి నుంచి నీళ్ళు అంచు దాటి పోవడమే కనిపిస్తుంది, పడటం కనిపించదు. “ఇక్కడి నుంచి ముఖం కనబడదు,” అన్నాను. “వచ్చేవారం మీ ఒడ్డు మీంచి చూస్తాలే,” అంది సరీనా. తన కాగితాలు వచ్చి పదిహేడేళ్ళయిందట. ఆ పలక మళ్ళీ దాటడానికే ఇన్నాళ్ళు పట్టింది.

మోచేత్తో పొడిచింది. “ఏమే అక్కా, నీళ్ళొచ్చేశాయి. ఇక నా గడప తొక్కకూడదుగా నువ్వు?”

“నా జపమాల నీ దిండు కింద మరిచిపోయాను. తెచ్చుకోవాలి,” అన్నాను.

తెచ్చుకోలేదు. అక్కడే ఉంచి వచ్చాను. మళ్ళీ ఆదివారం వెళ్తాను.

ఇక నీ వంతు. నా తల ఊపుడు నమ్మి నువ్వు దాన్ని మాటలన్నావు. ఆ తప్పు నాదే. కానీ మాటలు నీవి. మార్చి పంతొమ్మిదిన సరీనా బల్ల వేస్తోంది. ఈసారి అమ్మలా ఇద్దరం కలిసి వండుతాం. యోసేపు వేషానికి ముసలివాడు కావాలి. మోకాలు నొప్పితో కుంటేవాడైతే మరీ మంచిదని సరీనా అంది. పట్టీ కట్టుకుని రైలెక్కు. తలుపు నువ్వే తట్టాలి. రెండుసార్లు పొమ్మంటుంది. ఏదో ఒకటి కలిపి కూడా అంటుంది, దానికి అలవాటే. ఏడవకు. వెనక్కి తిరగకు. మూడోసారి తట్టు.

నాకు తీసింది.

నీ రాక కోసం చూసే,
నీ అక్క
నుంజియా